కోడలి పరీక్ష

"కోడలి సేతికి అదెలాగ ఇత్తాను? నానివ్వను," అని సన్యాసమ్మ ప్లాస్టిక్ క్యానుని కాలితో పక్కకి నెట్టేసింది.

ఇంద్రజ బతిమాలుతూనే ఉంది. అత్తగారికి ఆ ఉదయమే ఎం.ఆర్.ఐ. తీశారు. బొమ్మ స్పష్టంగా రావడానికి నరంలోకి ఏదో లోహం ఉన్న మందు ఎక్కించారు. తలలో భయపడాల్సిందేమీ లేదని డాక్టరు చెప్పాడు. సిద్ధగోరా కాలనీలోని వాళ్ల క్వార్టర్లో అందరూ ఊపిరి పీల్చుకుంటున్న వేళ కోడలు అడగకూడనిది అడిగింది. అత్తగారి మూత్రం కావాలంది.

ఎక్కించిన లోహం అలాగే మూత్రంలో బయటికొచ్చేస్తుంది. కాలవలో పడి సువర్ణరేఖ నదిలో కలుస్తుంది. మామూలుగా నీళ్లు శుభ్రం చేసే పద్ధతులకి అది లొంగదు. దాన్ని పట్టి ఆపే గుళికలు తయారు చెయ్యడమే ల్యాబులో ఇంద్రజ పని. తనే లోహం కలిపిన నీళ్లతో అవి బాగానే పనిచేశాయి. అసలైన మూత్రంతో చేసి చూపిస్తే తప్ప పని సాగనివ్వనని పై అధికారి అచ్యుతరామయ్య తేల్చేశారు. ఆస్పత్రుల వాళ్లు ఇవ్వం పొమ్మన్నారు.

"రేపే నా పరీక్ష అత్తయ్యా. చివరికి నీళ్లలో లోహం కనబడకూడదు. కనబడిందా, ఇన్నాళ్ల నా కష్టం..." అంటూ ఇంద్రజ క్యానుని మళ్లీ ఆవిడ ముందు పెట్టింది.

అన్నం కూడా తినకుండా గోడవైపు తిరిగి కూచుంది. సన్యాసమ్మ చూసి చూసి ఉండలేకపోయింది. ఆ పిల్ల మొహం చిన్నబోతే ఆవిడకి ముద్ద దిగదు. గొణుక్కుంటూ క్యాను పట్టుకెళ్లి తలుపేసుకుంది. చాలాసేపటికి వచ్చి, పాత చీరముక్క చుట్టిన క్యానుని తల ఎత్తకుండా అందించింది.

"ఎవులికీ సెప్పకు," అంది.

మర్నాడు క్యానులోది కొంత గుళికల గొట్టంలో పోసి, కిందికి దిగిన నీళ్లని మెషీన్లో పెట్టారు. లోహం సున్నా. ల్యాబంతా చప్పట్లు కొట్టింది. ఎంత లోహాన్ని ఆపిందో తెలియాలిగా అని అచ్యుతరామయ్య క్యానులో మిగిలినదాన్ని కూడా చూడమన్నారు. అందులోనూ సున్నా. మళ్లీ పెట్టినా అదే. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, లోహమే లేనిదానితో చేసిన పరీక్ష చెల్లదన్నారు. తిట్టినా బావుండేదనిపించింది ఇంద్రజకి.

సాయంత్రం అత్తగారు గుమ్మంలోనే నిలబడి ఉంది.

"పాసయ్యావా?"

"లోహం అసలు లేనే లేదత్తయ్యా," అని ఇంద్రజ ఆవిడ భుజం మీద వాలిపోయి వెక్కివెక్కి ఏడ్చింది.

సన్యాసమ్మ మొహం వెలిగిపోయింది. కోడలి జుట్టు నిమురుతూ చెవిలో నెమ్మదిగా చెప్పింది.

"సంతోసానికి ఏడుత్తారేటి, పిచ్చిపిల్లా? నువ్వు ఫేలవుతావని నాది పారబోసీసి, కాసి వడపోసిన మంచినీళ్లు పోసిచ్చాను. రంగుకీ, సుభానికీ సిటికెడు పసుపు కూడా ఏసాను."