క్రేను మీది కుర్చీ

అమ్మడూ,

అల్లుడుగారి ఆయాసం తగ్గిందా? పెద్దదానికి దగ్గు మందు ఆపేయకు. చిన్నవాడు ఇంకా మెట్లమీద పరిగెడుతున్నాడా? రోజంతా మిషను మీద కాలర్లు కుట్టీ కుట్టీ నీ కళ్లు ఎలా ఉన్నాయి? నేను బాగానే ఉన్నాను, నిద్రే పట్టడం లేదు.

క్రేను నడపడం నేర్చుకుంటానని పరీక్ష రాశావు. ఆ పని వచ్చినవాళ్లకు ఎక్కడ చూసినా గిరాకీ అన్నావు. కబురు రాలేదని మొన్న ఏడ్చావు. "నా బుర్ర ఇంతేనమ్మా, ఈ జన్మకు కుట్టుమిషనే" అన్నావు. అప్పటి నుంచీ నాకు ముద్ద దిగడం లేదు. ఫోనులో చెప్పడానికి నోరు రాక కార్డు రాస్తున్నాను.

ఫ్యాక్టరీలో ఫోను ఎత్తనివ్వరని ఫారంలో నా నెంబరు ఇచ్చావు కదా. ఆ క్రేను నేర్పేవాళ్లు చేశారమ్మా. "ఆడవాళ్లలో మీ అమ్మాయే ఫస్టు మామ్మగారూ, సోమవారం చేరమనండి" అన్నారు.

"ఎంత ఎత్తున కూర్చోవాలి నాయనా?" అనడిగాను.

"ఏడంతస్తుల ఎత్తు ఉంటుందండీ."

నాకు గుండె జారిపోయింది. మా అమ్మాయి రానంటోందని చెప్పి పెట్టేశాను. ఫోను వచ్చిందా అని నువ్వు రోజూ అడిగావు. రాలేదన్నాను.

నిన్న వెళ్లి వాళ్ల కాళ్లావేళ్లా పడ్డాను. నలభై నిండితే తీసుకోరట. నీకు పోయిన నెలే నిండాయి.

నన్ను ఎన్ని మాటలైనా అను, నీ బుర్రను మాత్రం అనకు తల్లీ. పద్నాలుగో తేదీ ఆదివారం పొద్దుటి బస్సుకు వస్తాను. ఇంట్లోనే ఉండు.

అమ్మ