రాజుగారి సంతకం

మూడోసారి కూడా రాజుగారు సంతకం పెట్టలేదు.

పెట్టనని నోటితో అనలేదులెండి. అంటే ఆయన భార్యకి అంత మంట ఉండేది కాదు. మేకప్ గదిలో గడ్డం అతికించుకుంటూ, విడాకుల కాగితాన్ని వెనక్కి జరిపి, "ముందు ఈ నాటకం గట్టెక్కనీ" అన్నాడు. వెనకటి రెండుసార్లూ ఇదే పాట. ఒకసారి ఆఫీసులో తనిఖీ గట్టెక్కాలి, ఇంకోసారి ఆయన పంటినొప్పి గట్టెక్కాలి. అక్కగారింట్లో ఓ మూలగదిలో రెండేళ్ళుగా పెట్టె సర్దుకుని కూర్చున్న భార్య మాత్రం ఏ గట్టూ ఎక్కలేదు.

"నేను చెప్పేది ఒక్కసారి చివరిదాకా వింటారా?" అంది.

"గంట కొట్టేశారు" అన్నాడాయన, కిరీటం అందుకుంటూ.

ఆయన చెడ్డవాడని ఎవరూ అనలేరు, అదే ఆమెకొచ్చిన చిక్కు. తిట్టడు, కొట్టడు, వినడు. స్టేజీ మీదైతే రాణి ఎంతసేపు మాట్లాడినా రాజు నోరు మూసుకుని వినాల్సిందే. నాటకంలో అలా రాసి ఉంది మరి. పన్నెండేళ్ళుగా ఆ పేట నాటక సమాజంలో ఆయనే రాజు, ఆమే రాణి. కాపురం విడిపోయినంత తేలిగ్గా జంటని విడదీయడానికి డైరెక్టరు మాస్టారు ఒప్పుకోలేదు.

ఈసారి ఆడుతున్నది వెనకటి కాలపు రాజకుటుంబం గొడవ. ముసలి రాజు పదేళ్ళుగా రాణిని కోటలో బంధించి, ముగ్గురు కొడుకుల్లో సింహాసనం ఎవరికో తేల్చడానికి ఒక్కరోజు బయటికి రప్పిస్తాడు. ఆ రోజంతా తల్లీ తండ్రీ కొడుకులూ ఒకరినొకరు పీక్కుతింటారు. చివరికి రాణి విడుదల పత్రం మీద రాజు సంతకం పెట్టి ఆమె ముందు విసిరేస్తాడు. తెర పడుతుంది.

ఉత్త గీతలు గీస్తే మొదటి వరసవాళ్ళకి తెలిసిపోతుంది, నిజంగానే రాయాలి అని మాస్టారి పట్టుదల. దస్తావేజుల ఆఫీసులో పాతికేళ్ళుగా సంతకాలు గిలికిన చెయ్యి అది, దానికి ఇంకేం వచ్చు? ఐదు ప్రదర్శనలు అయ్యాయి. ఐదు పత్రాల మీదా రాజు పేరుకి బదులు ఆయన అసలు సంతకమే పడింది. ఆమె ఐదూ చూసింది.

పైగా రాజుకి కళ్ళజోడు ఉండదు. అది తీస్తే ఆయనకి ఏనుగైనా ఎలకైనా ఒకటే. కళ్ళతో పనేముంది, కాగితం వేలికి తగిలితే చాలు, అమ్మకమో తాకట్టో చెప్పేస్తానని అందరి దగ్గరా కోతలు కోస్తాడు గానీ, ఆయన కోతలు పట్టించుకునేదెవరు?

ఇవాళ్టి మధ్యాహ్నం ఆటే ఆఖరుది. ఇది దాటితే మళ్ళీ ఏ వంక దొరుకుతుందో ఆయనకి.

విరామంలో ఆమె దుస్తుల పెట్టె వెనక కూర్చుని విడాకుల కాగితం విప్పింది. సంతకాలు పడాల్సిన మూడు చోట్ల లాయరమ్మ పెన్సిలుతో చుక్కలు పెట్టి ఉంచింది. పైన అంచులో ఒకటి, మధ్యలో కొట్టివేత పక్కన ఒకటి, అడుగున ఒకటి. మూడూ కావాలి, కనీసం అడుగునైనా పడితే మిగతా దారి నేను చూస్తానని చెప్పింది. ఎందుకైనా మంచిదని ఆమె చుక్కలు మూడూ రబ్బరుతో చెరిపేసింది, ఆ చోట్ల కాగితం కాస్త గరుకు తేలింది. చేస్తున్నది దొంగపనే. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. అయినా కాగితాన్ని చుట్టచుట్టి, ఎర్ర రిబ్బను కట్టి, స్టేజీ మీద పళ్ళెంలో నాటకపు పత్రానికి బదులు పెట్టేసింది.

మూడో అంకం. రాజు చుట్ట విప్పి బల్ల మీద పరిచాడు. కలం తీశాడు. ఆగిపోయాడు.

బొటనవేలు కాగితం అంచు వెంట మెల్లగా జరిగింది. మాట మర్చిపోయాడనుకుని పక్క తెర వెనక నుంచి ప్రాంప్టరు రెండుసార్లు అందించాడు. రాజు పట్టించుకోలేదు. వంగి రాయడం మొదలుపెట్టాడు. రోజూ చిటికెలో అయ్యే పని, ఇవాళ ఎంతకీ తెమల్లేదు. ఆ వెడల్పు చేతుల అంగీ అడ్డం వచ్చి ఆమెకి కాగితం కనిపించలేదు.

చివరికి చుట్టచుట్టి రిబ్బను కట్టాడు. విసిరేయాల్సినవాడు, లేచొచ్చి రెండు చేతులతో అందించాడు.

"ఇంకేమైనా చెప్పాలా?" అన్నాడు. "చెప్పు. చివరిదాకా వింటాను."

నాటకంలో లేని మాట అది. పక్క తెర వెనక ప్రాంప్టరు గబగబా పేజీలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది. రెండేళ్ళుగా కడుపులో దాచుకున్న మాటల్లో ఒక్కటీ ఆమె నోటికి రాలేదు. చివరికి నాటకంలో ఉన్న మాటే అంది.

"సెలవు ప్రభూ."

తెర పడింది. చప్పట్లతో హాలు దద్దరిల్లింది. మాస్టారు ఎదురొచ్చి, ఆ కొత్త మాట బ్రహ్మాండంగా పండింది, మళ్ళీ ఎప్పుడు ఆడినా అలాగే ఉంచేద్దామన్నాడు. ఆమె తలూపి, దుస్తుల పెట్టె వెనక్కి వెళ్ళి, రిబ్బను లాగింది.

అడుగున సంతకం ఉంది. మధ్యలో కొట్టివేత పక్కన ఉంది. పైన అంచులోనూ ఉంది. ఆమె రబ్బరుతో చెరిపేసిన మూడు చోట్లా ఉంది, కింద తేదీతో సహా.