తలుపు వెనక ఆరేసిన గుడ్డ

వాకిట్లో ఎవరో ముసలామె నిలబడి మంచినీళ్లు అడిగింది.

సత్యమ్మ చెంబు అందించింది. ముసలామె తాగకుండా ఆమె ముఖంలోకే చూసింది.

"బాలప్ప పెండ్లానివి నువ్వేనా బిడ్డా?"

ఆ పేరు వినగానే లోపలి నుంచి తల్లి నాగమ్మ విసురుగా వచ్చింది.

"ఎవరు నువ్వు?"

"తాండూరు నుంచి రైలుకొచ్చిన తల్లీ. బట్టలు ఉతుకుత. రేపు పంచాయితి పెట్టి తెంపుకుంటరంట గద. గా పిలగానికి చెడ్డ రోగమేం లేదు. గది చెప్పి పోదామనొచ్చిన."

సత్యమ్మ ఒకడుగు ముందుకేసింది.

పెళ్లయి ఏడాది కాలేదు. తాండూరు బండల గనిలో పనిచేసే బాలప్ప మూడు నెలలుగా వేరే చాప మీద పడుకుంటున్నాడు. కాళ్లు ఎడంగా వేసి నడుస్తున్నాడు. అడిగితే చెప్పడు. దగ్గరికి పోతే జరిగిపోతాడు.

అన్న అంజిలయ్య తాండూరు పోయి ఆరా తీశాడు. పొద్దుగూకే వేళ బావ రైలుపట్టాల అవతల ఓ ఇంట్లోకి పోవడం దూరం నుంచి చూశాడు. అక్కడ మొగుడు లేని ఆడది ఒక్కతే ఉంటుందని దారిన పోయేవాళ్లు చెప్పారు. ఇంకేం కావాలి? దాని దగ్గరే రోగం అంటించుకున్నాడని తేల్చేసి, తల్లి సత్యమ్మను వికారాబాదు తీసుకొచ్చింది.

"నీకెట్ల ఎరుక?" అంది నాగమ్మ.

"గనోళ్ల బట్టలు ఉతికేది నేనే. ఈ నడుమ వాడు గూడ గోచిగుడ్డలు నాకే ఏస్తుండు. చెడ్డ రోగమైతే గోచిగుడ్డకు చీము మరక ఉంటది. నా కండ్లకు దాగదు. గిది తొడలు రాసుకొని అయిన ఉత్త ఒరుపు తల్లీ. చెమట, రాతిపొడి, తడిగుడ్డ. గనిల సగం మందికి ఉంటది."

"మరి తగ్గదేంది?"

"ఎట్ల తగ్గుతది? సోడా దండిగ ఏసి, సరిగ జాడియ్యక, తలుపెనక చీకట్ల ఆరేస్తే తోలు మండదా? పైనుంచి బజార్ల మంటమందు రాసుడు. గవన్ని బందువెట్టాలె. ఉత్త నీళ్లతోని కడుక్కొని, తడి లేకుంట తుడుచుకొని, ఎండల ఆరిన గుడ్డ కట్టుకోవాలె. పది దినాలల్ల నయమైతది. కాకుంటే దవాఖానకు పోవాలె."



సోడా ఎక్కువ వేసింది సత్యమ్మే, శుభ్రంగా ఉండాలని. మగవాడి గోచిగుడ్డను వాకిట్లో నలుగురూ చూసేలా ఏ కొత్తకోడలు ఆరేస్తుంది?

"మొగోళ్ల తొడల ముచ్చట నా గడపల చెప్పవడితివి. సిగ్గులేదా ముసల్దానా? నీ మొగుడేమంటలేడా?" అంది నాగమ్మ.

"రజాకార్ల గడబిడల పాయె తల్లీ, పదేండ్లాయె. సిగ్గువడుకుంట కూసుంటే గీ పిల్ల కాపురం గూడ పోతదని వచ్చిన."

"వాడే పంపినట్టుండు. చీరె పెడ్తనన్నడా?"

"వానికి ఎరుకనే లేదు."

నాగమ్మ చెంబు లాక్కుంది. నీళ్లు నేలపాలయ్యాయి.

"నడువ్!"

"అమ్మా, జర ఇనరాదే..."

"నువ్వు లోపలికి పో!"

సత్యమ్మ లోపలికి పోయింది.

మర్నాడు తాండూరులో పంచాయితీ. పెద్దమనిషి జంగప్ప ఒక్క మాటే అడిగాడు.

"పట్టాలవతల గామె ఇంటికి పోయినవా లేదా?"

"పోయిన" అన్నాడు బాలప్ప.

"ఎందుకు?"

బాలప్ప ఒకసారి సత్యమ్మ వైపు చూసి తల దించుకున్నాడు.

నిన్నటి మాట సత్యమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. ఇరవై మంది మగవాళ్ల నడుమ గోచిగుడ్డ మాట ఎట్లా ఎత్తడం? మింగేసింది.

జంగప్ప ఓ పుల్ల విరిచి ఇద్దరి చేతుల్లో చెరో ముక్క పెట్టాడు. కాపురం తెగిపోయింది.

స్టేషనుకు పోయే దారిలో అంజిలయ్య పట్టాల అవతలికి వేలు చూపించాడు.

"గదే చెల్లె, గా మనిషి ఇల్లు."

"నడువుండ్రి. దాని మొఖం చూసుడు గూడ పాపమే" అంది నాగమ్మ.

సత్యమ్మ కదల్లేదు. తన బతుకు కూల్చినదాని ముఖం ఒక్కసారైనా చూడాలనుకుంది.

ఆ ఇంటి తలుపు తెరుచుకుంది. తడిబట్టల గంప చంకన పెట్టుకుని బయటికి వచ్చింది, నిన్న తమ వాకిట్లో గుక్కెడు నీళ్లు కూడా దక్కని ఆ ముసలామె.