చేయెత్తే పట్టీ

విప్లవం గెలిచాక ఇంటింటికీ చేతిపట్టీలు వచ్చాయి. సభకు వెళ్లే తీరిక లేనివాళ్లకు ప్రతిపాదన ఇష్టమైతే అవే ఓటుగా చేయి లేపుతాయి, లేకుంటే ఊరుకుంటాయి అని చెప్పారు. తనొకటి పెట్టుకుని, తులశమ్మకొకటి ముచ్చటపడి తొడిగింది ఆమె భర్త, పార్టీ కార్యదర్శి జనార్దనం.

ఆ ఉదయం ఆమె జనార్దనానికి పెసరట్లు పోస్తుంటే రేడియోలో అధ్యక్షుడు చలమయ్య గొంతు ఖంగుమంది. ఒకప్పుడు పోలీసులకు దొరక్కుండా వాళ్ల అటకమీదే ఆర్నెల్లు దాక్కుని, ఈ పెసరట్లే తిన్న మనిషి. ఆయన కుర్చీ ఎక్కాక ఎర్రజెండా కాస్తా వెర్రి అజెండా అయింది.

“జనార్దనం ద్రోహి! అవునన్నవాళ్లు చేతులెత్తండి.”

తులశమ్మ చేయి అట్లకాడతో సహా లేచింది. ఎడమచేత్తో ఎంత లాగినా దిగలేదు.

“నీ మీదొట్టు, నేనెత్తలేదయ్యా!”

“ఒట్టెవడిక్కావాలే? వాడిక్కావలసింది ఓటు,” అని జనార్దనం నవ్వబోయాడు. అంతలో పళ్లెంలోంచి అతని కుడిచేయి కూడా పచ్చడి కారుతూ పైకి లేచింది.

“ఏకగ్రీవం,” అంది రేడియో.