వంగపండు రంగు జపాను

“మా అత్తకు తెలిసిందంటే రేపు పొద్దున్నే నన్ను అమరాపురం బస్సెక్కిస్తాది షంషాదక్కా!”

అంటూనే కమలాక్షి చంకలోని చీర మూటను మాత్రం వదల్లేదు. అమరాపురం ఆమె పుట్టిల్లు.

యూనివర్సిటీ వాళ్ళు ధర్మవరంలో ‘ప్రపంచ దేశాల పండగ’ పెట్టారు. రవికలు కుట్టే షంషాద్‌బీకి రంగు బొమ్మల పుస్తకమిచ్చి, దేశానికో వేషం కుట్టమన్నారు. ఆ వేషాలతో వేదిక మీద నడవాలి. కాలేజీ అమ్మాయిలు తలా ఒక దేశం పంచుకోగా రెండు మిగిలిపోయాయి. అందులో జపాను కమలాక్షి కంట్లో పడింది. పెళ్ళయినప్పటి నుంచి మగ్గానికీ పొయ్యికీ మధ్యే తిరుగుతున్న పిల్లకు ఒక్కసారి జపాను దాకా పోయి రావాలనిపించింది.

నిన్ననే అత్త సుబ్బమ్మ, మగ్గం మీదున్న తన మొగుడు ఓబులేసుకు వినపడేలా గట్టిగా చెప్పింది: “ఈ ఇంటి కోడలు స్టేజీ ఎక్కిందంటే, ఇంక పుట్టింట్లోనే ఉండల్ల!” ఓబులేసు సంతోషంగా మీసం దువ్వుకున్నాడు.

“మొగానికి తెల్ల పౌడరు పూస్తే నిన్ను కన్నతల్లి కూడా గుర్తుపట్టదు. పట్టుచీర యాడ దొరికింది?” అంది షంషాద్‌బీ.

పట్టు నేసే ఇంట్లో పట్టు మిగలదు, నేసిందంతా అమ్మకానికే పోతుంది. ఉన్నదొక్కటే, సుబ్బమ్మ పెళ్ళినాటి వంగపండు రంగు చీర. పెట్టె తాళంచెవి నిద్రలో కూడా సుబ్బమ్మ బొడ్లోనే ఉంటుంది.

“అత్త పెనుకొండకు, చెల్లెలింటికి పోయిందక్కా. తాళంచెవి మేకుకే మర్చిపోయింది.”

“మర్చిపోయిందా!” షంషాద్‌బీ పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. “వయసైపోతాంది పాపం. కత్తెర పెట్టను లే, జపాను అంగీలా మడిచి టాకాలే వేస్తా.”

సాయంత్రం హైస్కూలు మైదానం నిండిపోయింది. వేదికెక్కిన కమలాక్షికి ముందు వరసలో మామ కనిపించాడు. చప్పున తల వంచుకుంది.

ఓబులేసు పక్కనున్న నాగప్పతో అంటున్నాడు: “మా ఇంటి ఆడోళ్ళు ఇట్లాంటి వాటికి రారప్పా. గడప దాటరు.”

“వీళ్ళంతా నిజంగా ఆయా దేశాలోళ్ళేనా?”

“చూస్తే తెలీడంలా? ఆ జపాను పిల్లను చూడు, మనకంత వినయం యాడుండాది!”

జపాను పిల్ల వినయంగా వంగింది. భుజం దగ్గర టాకా పుటుక్కున తెగి, ధర్మవరం మామిడిపిందెల అంచు బయటపడింది. పెళ్ళికని మామ తన చేత్తో నేసిన అంచు అది. చూశాడంటే అంతే సంగతులు.

వెనక నిలబడ్డ ఈజిప్టు ఆమె ఒక్క అడుగు ముందుకేసింది. నల్ల ముసుగులో కళ్ళు తప్ప ఏమీ కనపడవు. అంచును చటుక్కున లోపలికి మడిచి, తల ఎత్తుకుని ముందుకు నడిచింది. మైదానమంతా చప్పట్లు. మొదటి బహుమతి ఈజిప్టుకే ఇచ్చారు.

“ఎవరక్కా ఆమె? నా ప్రాణం కాపాడింది,” అని దిగగానే అడిగింది కమలాక్షి.

“ఈజిప్టోళ్ళు మాట్లాడరమ్మా,” అంది షంషాద్‌బీ, నవ్వాపుకుంటూ.

చీర పెట్టెలోకి, తాళంచెవి మేకుకు చేరాక గానీ కమలాక్షికి ఊపిరాడలేదు. కాసేపటికి సుబ్బమ్మ మూటతో వచ్చి, ఏమీ ఎరగనట్టు తాళంచెవి బొడ్లో దోపుకుంది.

అన్నాల దగ్గర ఓబులేసు ఆగలేదు. “జపాను పిల్ల ఏదో వంగి వంగి పోయింది గానీ, ఆ ఈజిప్టు ఆమె ఉండాదే! నడకంటే అది. మన ఆడోళ్ళకు యాడొస్తాదే?”

“యాడొస్తాది లే,” అంటూ సుబ్బమ్మ ఆయనకు ఇంకో సంగటి ముద్ద పెట్టింది. అడక్కుండానే నెయ్యి కూడా వేసింది.

ఆయన చెయ్యి కడగడానికి బయటికి పోగానే కోడలి వైపు తిరిగింది.

“చెవెనకాల పౌడరు తుడుచుకోమ్మే.”

కమలాక్షి చేతిలో గరిటె జారిపోయింది. అమరాపురం బస్సు హారను చెవుల్లో మోగినట్టే అయింది.

“తప్పయింది అత్తా...”

సుబ్బమ్మ తను తెచ్చిన మూటను ఆమె ఒళ్ళోకి తోసింది. “ఇది షంషాద్‌బీకి ఇచ్చిరా. మీ మామ కంట పడనీకు.”

కమలాక్షి ముడి విప్పింది.

మూటలో ఈజిప్టు ముసుగు ఉంది.