దొరికిన బెడ్డు

అక్కకు ఆయాసం మొదలై మూడు రోజులైంది. బస్సు కండక్టరైన తమ్ముడు ఆస్పత్రిలో బెడ్డు కోసం పొద్దుటి నుంచి హెల్ప్‌లైనుకు ఫోన్లు చేసి చేసి విసిగిపోయాడు. అర్ధరాత్రి దాటాక వాళ్లే చేశారు.

“మీ పేషెంటుకి బెడ్డు ఇచ్చేశాం సార్. ఇందాకే చేర్చుకున్నాం.”

“ఎవర్ని చేర్చుకున్నారండీ? మా అక్క ఇంట్లోనే ఉంది! కాగితాల మీదే వైద్యం చేసేస్తారా మీరు?”

“రికార్డులో చేరినట్టే ఉంది. కావాలంటే ఆవిడతోనే మాట్లాడండి.”

అతను పళ్లు కొరుకుతూ లోపలి గదివైపు చూశాడు. తలుపు ఓరగా తెరిచి ఉంది. ఇప్పటిదాకా హాల్లోకి వినిపించిన ఎగశ్వాస ఇప్పుడు వినిపించడం లేదు.

ఫోన్లో అక్క గొంతు నెమ్మదిగా పలికింది.

“ఒరేయ్ చిన్నోడా, ఇక్కడ ఎంతమందిమి ఉన్నామో! డాక్టరన్నవాడు మాత్రం ఒక్కడూ లేడురా.”