జానెడు స్వామి

“వాడు లేకుండా వాడి స్వామి జోలికి మేం పోం అక్కా,” అన్నాడు సైకిల్ షాపతను, పాచికలు పక్కకు నెట్టి.

ఆదివారం మధ్యాహ్నాలు షాపు మీది గదిలో ఆట నడిపించేది అతనే. రాక్షసులనూ సొరంగాలనూ అతను కల్పిస్తే, మిగతావాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుని ఆడతారు. తమ్ముడిది మరుగుజ్జు సన్యాసి పాత్ర. బల్ల మీద బొటనవేలంత బొమ్మ, గుండు, చేతిలో కర్ర. ఆటలో మాత్రం పిట్ట కొంచెం, కూత ఘనం.

“ముప్పై ఏళ్ళొచ్చాయి, ఇంకా బొమ్మలాటలేంట్రా!” అని అక్క చీవాట్లు పెట్టని ఆదివారం లేదు. అలాంటి మనిషి ఇవాళ మొదటిసారి మెట్లెక్కి వచ్చి తమ్ముడి కుర్చీలో కూర్చుంది. బట్టలు కుట్టే చేతులు ఊరికే ఉండలేక బల్లగుడ్డ అంచు మడుస్తున్నాయి.

“రెండు వారాలుగా ఫోనెత్తడం లేదు. స్వామి పడిపోయాడని అలిగాడా?” అడిగాడు బస్సు డ్రైవరు.

“అసలేమైంది మీ స్వామికి? పడ్డాడని వాడు చెబితే ఆ రోజు నేను చెవిన పెట్టలేదు.”

“మమ్మల్ని వంతెన దాటించి తను లోయలో పడ్డాడు,” అంది మందుల షాపామె. ఆటలో వైద్యం ఆమెది. “ప్రతి వంతుకీ మంత్రం వేస్తున్నా. ఊపిరాడుతోంది.”

“లేస్తాడా?”

“లేవడు. అలాగని చావడు.”

“నొప్పి తెలుస్తుందా?”

డ్రైవరు పకపకా నవ్వాడు. “కాగితం మీది మనిషికి నొప్పేంటక్కా!”

అక్క నవ్వలేదు. ఆ కాగితం అడిగి తీసుకుంది. స్వామి గుణాలు తమ్ముడి కోడిగెలుకుడు రాతలో ఉన్నాయి. ఏదీ దాచుకోడు. దేనికీ భయపడడు. ఎవరికీ బరువు కాడు. మూడో మాట దగ్గర ఆమె వేలు ఆగిపోయింది. తల్లి పోయాక వాణ్ణి ఎత్తుకుని పెంచింది ఆమే. వాడు బరువని ఏనాడూ అనుకోలేదు.

“మంత్రం ఆపేయండి,” అంది.



“వాడి ఆట మాన్పించాలనేగా ఇదంతా!” మందుల షాపామెకు కోపం ఆగలేదు. “మూడేళ్ళుగా ప్రాణంలా చూసుకున్నాడు. తెలిస్తే మీ మొహం చూస్తాడా?”

“చూడడు.”

“ఒక్క వారం ఆగండక్కా,” బతిమాలాడు సైకిల్ షాపతను. “దారిలో ఏ సంజీవనో దొరకొచ్చు. ఆటే కదా!”

“వద్దు. వాడి తరఫున నేను చెబుతున్నా.”

ఇంటివాళ్ళే చెప్పాక అతను మాత్రం ఏం చేస్తాడు? బొమ్మను మెల్లగా పక్కకు పడుకోబెట్టాడు. మందుల షాపామె మొహం తిప్పుకుంది. అక్క గోడ పట్టుకుని ఒక్కో మెట్టే దిగింది. ఆపేయండి అనే మాట తన నోట వస్తుందో రాదో చూసుకుందామనే ఆమె ఇంత దూరం వచ్చింది. నోరు పెగిలింది.

రేపు ఉదయం తమ్ముడి వెంటిలేటర్ తీయించే కాగితం మీద ఆమె సంతకం చేయాలి.